కరస్పాండెంట్ గారి ద్వీపయాత్ర

నేను మొదట పనిచేసిన బడి బోధన్ నుంచి నిజామాబాద్ వచ్చే రోడ్డు మీద ఉండేది. బోర్డు మీద కాన్వెంట్ అని రాసి ఉండేది గానీ అక్కడ కాన్వెంటు లక్షణం ఒక్కటీ లేదు. మెథడిస్టు కుటుంబంలో పుట్టి, మిషన్ హాస్టల్లో చదువుకున్న ఇంగ్లీషు మాస్టరును నేనొక్కడినే ఉన్నాను కాబట్టి ఆ పేరుకు నేనే ఆధారమేమో. బడి యజమానిని మేమంతా కరస్పాండెంట్ సార్ అనేవాళ్ళం. ఆయనకు రుద్రూర్ వైపు పెద్ద చెరుకు తోట ఉండేది. బడిని కూడా తోటలాగే నడిపేవాడు. రెండు చోట్లా ఆయనకు తెలిసిన పని ఒకటే, గెట్టు మీద నిలబడి అరవడం. మా అవ్వ, అంటే మా అమ్మ, ఆయన తోటలో ఇరవై ఏళ్ళు చెరుకు కొట్టింది. ఆమె కొడుకు ఆయన బడిలో ఇంగ్లీషు చెప్తున్నాడన్న సంగతిని ఆయన తన దయకు గుర్తుగా నలుగురిలో చెప్పుకునేవాడు. నేను తల వంచుకుని నవ్వేవాడిని. అప్పుడు నాకు ఇరవయ్యేడేళ్ళు.

తొంభైల చివర్లో ఒక ఏడాది, నిజామాబాద్‌లో ఇంకో బడి నడిపే ఒకాయన తన భార్యతో సింగపూర్ వెళ్ళొచ్చాడు. వచ్చాక ఏదో క్లబ్బు వాళ్ళు ఆయనకు శాలువా కప్పారు. ఆ ఫోటో జిల్లా పేపర్లో వచ్చింది. మా సారుకు ఆ రోజు నుంచి తిన్న అన్నం ఒంటబట్టలేదు. సింగపూర్ పోతే రెండోవాడు అవుతాడు. దుబాయి సంగతి అసలే లేదు, మా వైపు నుంచి మేస్త్రీలూ డ్రైవర్లూ బస్సు ఎక్కినంత తేలిగ్గా దుబాయి వెళ్తారు, అక్కడికి వెళ్తే శాలువా ఎవరు కప్పుతారు? అందుకని జిల్లాలో ఎవరూ కాలు పెట్టని చోటు కావాలని హైదరాబాద్‌లో ఒక ట్రావెల్స్ వాళ్ళ దగ్గరికి వెళ్ళి, నున్నటి కాగితాల పుస్తకం ఒకటి పట్టుకొచ్చాడు. దాని చివరి పేజీలో కరీబియన్ సముద్రంలోని ఒక చిన్న దీవి బొమ్మ, దాని కింద ఒక అతిథి గృహం చిరునామా ఉన్నాయి. ఎంపిక అయిపోయింది. ఆ దీవిలో ఏముందో ఆయన అడగలేదు. అక్కడికి ఎవరైనా మనోళ్ళు పోయారా అని మాత్రం అడిగాడు. ఎవరూ పోలేదని తెలిసి తృప్తిపడ్డాడు.

నన్ను ఆఫీసుకు పిలిచి, ఇకనుంచి నా ఐదో పీరియడు రద్దు అన్నాడు. ఆ వేళలో నేను ఆయనకు ఉత్తరాలు రాసిపెట్టాలి. తొమ్మిదో తరగతి పిల్లలు వ్యాకరణం లేకపోయినా బతుకుతారు గానీ ఆయన సెలవు ఏర్పాట్లు లేకపోతే బతకలేడు.

ముందు ఆ దీవిని వెతకాలి. మా బడి గోడకు వేలాడే ప్రపంచ పటంలో అది లేదు. నేను అట్లాస్ చూసి, పటంలో దాదాపు ఎక్కడ ఉండాలో అక్కడ పెన్సిలుతో చుక్క పెట్టాను. సార్ కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, అది ఈగ రెట్టలా ఉందన్నాడు. ఎర్ర స్కెచ్ పెన్ను తెప్పించి తానే దాని చుట్టూ పెద్ద సున్నా చుట్టాడు. ఆ సున్నాలో క్యూబాలో సగం పడిపోయింది. ఆ తర్వాత చాలాకాలం మా పిల్లలు ఆ సముద్రంలో గుండ్రటి దేశం ఒకటి ఉందనే అనుకున్నారు.

మొదటి ఉత్తరం ఆయన చెప్పగా నేను రాసింది రెండు పేజీలు. అందులో ఒకటిన్నర పేజీ ఆయన పరిచయమే. ఎన్ని ఎకరాల ఆసామి, ఏ ఏ సంఘాలకు అధ్యక్షుడు, ఏ మంత్రితో కలిసి భోజనం చేశాడు. మిగిలిన సగం పేజీలో ప్రశ్నలు. గదిలో ఏసీ ఉందా, స్టార్లు ఎన్ని, వంట ఎవరు చేస్తారు, వంటింట్లో పశుమాంసం వండుతారా, పనివాళ్ళు నల్లగా ఉంటారా. ఈ చివరి ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ముఖానికి తెల్లటి క్రీము రుద్దుకున్నా, ఎండలో నిలబెడితే మా సార్ రంగు కుండ అడుగు రంగే. రాశావా అని ఆయన అడిగాడు. రాశాను సార్ అన్నాను. రాయలేదు. ఆ ఏడాదంతా నేను చేసిన ధైర్యమైన పని అదొక్కటే.

జవాబు రావడానికి నెలన్నర పట్టింది. ఈలోగా ఆయన ఈత నేర్చుకోవడం మొదలుపెట్టాడు. తోటలో బావి ఉంది. ట్రాక్టరు ట్యూబులో గాలి కొట్టించి, అందులో కూర్చుని, ఇద్దరు పాలేర్లు చెరో పక్కా పట్టుకోగా నీళ్ళలో కాళ్ళు ఆడించేవాడు. నన్ను గట్టు మీద నిలబెట్టి, ట్రావెల్స్ వాళ్ళిచ్చిన పుస్తకంలో ఆ దీవి గురించి రాసిన పేరాను చదవమనేవాడు. యాభై రెండేళ్ళ మనిషి, పొట్ట ట్యూబులో ఇరుక్కుని పోయి, కళ్ళు మూసుకుని, తెల్లని ఇసుక గురించి వింటుండేవాడు. పాలేర్లు నావైపు చూసేవాళ్ళు. నేను పుస్తకంలోకి చూసేవాడిని. నిజామాబాద్‌లో ఒక దర్జీ దగ్గర పెద్ద పెద్ద పువ్వుల చొక్కాలు నాలుగు, మోకాళ్ళ దాకా వచ్చే లాగులు నాలుగు కుట్టించాడు. చొక్కా లాగులో దోపుకోలేదని పిల్లల్ని ఎండలో నిలబెట్టే మనిషి ఆ వేషంలో ఆఫీసులో అద్దం ముందు తిరగడం అటెండరు చూసి, స్టాఫ్ రూములో వచ్చి చెప్పాడు. ఆ గుడ్డ పరదాలకు అమ్మేదని మా లెక్కల మాస్టరు కనిపెట్టాడు.

ఆయన భార్యను మేము మేడం అనేవాళ్ళం. ఈ ఏర్పాట్ల గురించి ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఒకసారి మాత్రం ఆమె ఆఫీసులో టీ ఇస్తూ, అక్కడికి పోవడానికి ఎన్ని విమానాలు మారాలని నన్ను అడిగింది. చెప్పాను. ఆమె ట్రే తీసుకుని వెళ్ళిపోయింది.

అతిథి గృహం నడిపే ఆమె పెద్ద వయసు మనిషి అని చేతిరాత చూస్తేనే తెలిసింది. పలచటి కాగితం మీద, నిటారుగా, తడబాటు లేని అక్షరాలు. ఆరు గదులున్నాయి, ఏసీ లేదు, సముద్రం గాలి చాలు. స్టార్లు రాత్రిపూట పైన కనిపిస్తాయి. చేపలు, అన్నం వండుతాను, మీరు చేప తినకపోతే పప్పు వండుతాను, మేమూ దాన్ని దాల్ అనే అంటాం. ఇక్కడ చూడదగ్గవి పెద్దగా ఏమీ లేవు, చెరుకు తోటలు, సముద్రం, ఒక చర్చి. ఇదీ ఉత్తరం. ఎకరాల గురించీ మంత్రి గురించీ ఒక్క మాట లేదు. నేను తెలుగులో చెప్తుంటే సార్ ముఖం కొంచెం ముడుచుకుంది గానీ, దాల్ దగ్గర మళ్ళీ విచ్చుకుంది. తాను వస్తున్నానని తెలిసి వాళ్ళు దాల్ అనడం నేర్చుకున్నట్టు మాట్లాడాడు.

ఆయన మళ్ళీ ఉత్తరం రాయించాడు. అక్కడ మనోళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడగమన్నాడు. మనోళ్ళంటే ఆయన ఉద్దేశం రాయబారులు, వ్యాపారస్తులు, పక్కన నిలబడి ఫోటో దిగదగ్గవాళ్ళు. నేను ఇండియా వాళ్ళు అని రాశాను. మేము చెరుకు పండే ప్రాంతంలో ఉంటామని, ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో ఊరంతా చెరుకు మడ్డి వాసన వేస్తుందని నా సొంతంగా ఒక వాక్యం కలిపాను. ఎందుకు కలిపానో తెలీదు. ఆమె రాత నాకు నచ్చింది.

ఈలోగా ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. తెలిసిపోవడం కాదు, ఆయనే చెప్పాడు. జిల్లా పేపరులో వార్త వేయించాడు. నిజామాబాద్ క్లబ్బు వాళ్ళు వెళ్ళేముందే ఒక శాలువా కప్పారు, వచ్చాక ఇంకొకటి కప్పుతామన్నారు. తేదీ జనవరిలో ఖాయమైంది.

ఆమె రెండో ఉత్తరం డిసెంబరు మొదటి వారంలో వచ్చింది. స్టాఫ్ రూములో నేనొక్కడినే ఉన్నప్పుడు చదివాను. ఈసారి నాలుగు పేజీలు. ఇండియా వాళ్ళ గురించి అడిగారు కదా, నేనే ఉన్నాను అని మొదలుపెట్టింది. వాళ్ళ అమ్మమ్మ తల్లి చిన్న పిల్లగా ఉన్నప్పుడు మద్రాసు వైపు నుంచి ఓడలో తీసుకొచ్చారట, చెరుకు కొట్టడానికి. ఐదేళ్ళని చెప్పి తెచ్చారు, తిరిగి పంపలేదు. ఆమె మాట్లాడిన భాష ఏదో ఇప్పుడు ఇంట్లో ఎవరికీ తెలీదు. చెరుకు ఆకుల అంచులు కోసుకుని కోసుకుని ఆమె ముంజేతుల నిండా సన్నటి గీతలు ఉండేవని మాత్రం అమ్మమ్మ చెప్పేదట. మీరు బస చేయబోయే ఇల్లు ఒకప్పుడు ఆ కూలీల మీద పెత్తనం చేసిన దొరది. తోట మూతబడ్డాక మా నాన్న ఆ ఇంటిని కొన్నాడు. మా ముత్తవ్వ కత్తి హాల్లో గోడకు తగిలించి ఉంటుంది. మీది కూడా చెరుకు ఊరని రాశారు కాబట్టి మీకు దాన్ని చూపించాలని ఉంది.

ఆ గీతల వాక్యాన్ని మళ్ళీ వెతుక్కుని చదివాను. మా అవ్వ చేతుల మీద అవే గీతలు. స్నానం చేసి వచ్చాక వాటి మీద కొబ్బరినూనె రాసుకునేది, మంటకు పళ్ళు బిగించేది. ఈ ఉత్తరాన్ని సారుకు చెప్పకుండా ఉండొచ్చు. గది సిద్ధంగా ఉంది, రమ్మన్నది అని చెప్తే సరిపోయేది. కానీ మంచి మాటలు వింటే మనిషి కరుగుతాడని నమ్మే వయసు నాది. మొత్తం చెప్పాను. ముంజేతుల సంగతితో సహా.

ఆయన పల్లీలు తింటూ విన్నాడు. అయిపోయాక పొట్టు ఊదుకున్నాడు.

"అంటె చెరుకు కొట్టెటోళ్ళా?"

"అవును సార్, వాళ్ళ ముత్తవ్వ."

"చెరుకు కొట్టెటోళ్ళు పెడ్తె తిననీకి గంత దూరం పోవాల్నా మాస్టర్? గాళ్ళు ఈడ నా గెట్టు మీద లేరా?"

నేను ఉత్తరం మడిచాను. ఆయన ఇంకో గుప్పెడు పల్లీలు తీసుకుని, అప్పుడు నా ముఖంలోకి చూశాడు.

"నిన్ను అనలే. నువ్వు సదువుకున్నవ్."

తిట్టినా అంత బాధ ఉండేది కాదు. నేను, పర్వాలేదు సార్ అన్నాను. ఆ రెండు మాటలూ నా నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చాయో తలచుకుంటే ఇప్పటికీ నాకు నా మీదే రోత. 

జనవరిలో ఆయన కారు వెళ్ళింది. క్లబ్బు వాళ్ళు పూలదండలు వేశారు, పిల్లల్ని రోడ్డుకు రెండు వైపులా నిలబెట్టి చేతులు ఊపించారు. పన్నెండు రోజుల తర్వాత తిరిగొచ్చాడు. మర్నాడు నన్ను ఆఫీసుకు పిలిచి తలుపు వేయించాడు. తాను ఆ దీవికి పోలేదని, మేడంతో కలిసి మహారాష్ట్ర కొండల మీది మహాబలేశ్వరంలో ఉండి వచ్చానని, ఈ సంగతి డ్రైవరుకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదని చెప్పాడు. ఆయన గొంతులో సిగ్గు ఉందేమోనని వెతికాను. లేదు. వచ్చే నెల వార్షికోత్సవంలో ప్రయాణం గురించి ఇంగ్లీషులో మాట్లాడాలి, అది నేను రాసివ్వాలి.

"నేనేం రాయాలె సార్, నేను కూడా చూడలే గద."

"ఆమె రాసింది ఉన్నది గద. గదే రాయి. తెలుగు అచ్చరాలల్ల రాయి, నేను సదువుత."

ఆయనకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, మాటలు రావు. ప్రతి ఏడూ ఇంగ్లీషు ప్రసంగాన్ని తెలుగు లిపిలో రాసిస్తే మంత్రంలా చదివేవాడు. అందులో ఏముందో ఎన్నడూ అడిగేవాడు కాదు. అందుకే నాకు ఒక ఆలోచన వచ్చింది. దాన్ని అప్పుడు ప్రతీకారం అనుకున్నాను.

వారం రోజులు కూర్చుని రాశాను. ఆ పెద్దావిడ ఉత్తరాల్లోని గాలిని, చర్చిని, చేపల్ని అన్నిటినీ వాడుకున్నాను. తర్వాత ఆమె ముత్తవ్వను వాడుకున్నాను. చెరుకు కొట్టిన చేతులే నాకు అన్నం వడ్డించాయని, ఆ చేతుల ముందు నేను ఎంత చిన్నవాడినో ఆ రోజు తెలిసిందని, పెత్తందారు ఇల్లు కూలివాళ్ళ సొంతమైన చోట ఒక భూస్వామిగా తలవంచుకుని కూర్చున్నానని ఆయన నోట పెట్టాను. తన నోటితో తనను తానే చెప్పుతో కొట్టుకుంటాడు, తెలియకుండానే. ఇదీ నా పథకం.

వార్షికోత్సవం రోజు మా అవ్వను తీసుకెళ్ళాను. ఆమెకు వేడుకలంటే ఇష్టం. ఆడవాళ్ళ వైపు వెనక వరసలో కూర్చోబెట్టి నేను పక్కన నిలబడ్డాను. సార్ పువ్వుల చొక్కా మీద కోటు వేసుకుని వచ్చాడు. మైకు ముందు నిలబడి కాగితాలు చదివాడు. బాగా చదివాడు, అదే నా ఖర్మ. తలవంచుకుని కూర్చున్నాననే చోట గొంతు పెంచి, వేలు పైకెత్తి, ఎవరినో ఓడించినట్టు చదివాడు. తల్లిదండ్రులకు ఇంగ్లీషు రాదు. పిల్లలకు మా బడి నేర్పిన ఇంగ్లీషు మాత్రమే వచ్చు. ముందు వరసలోని పెద్దమనుషులు, ఇంగ్లీషు వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ, సరైన చోటల్లా తలలు ఊపారు. చివర్లో పందిరి దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. క్లబ్బు వాళ్ళు రెండో శాలువా కప్పారు.

అవ్వ నా చెయ్యి పట్టుకుని లాగింది.

"ఏం చెప్పిండు బిడ్డా?"

చెవిలో చెప్పాను. ఓడ సంగతి, ఐదేళ్ళ సంగతి, ఇల్లు కొన్న సంగతి. అవ్వ శ్రద్ధగా విన్నది. ఆ ఇల్లు వాళ్ళ పేరు మీదనే ఉన్నదా అని అడిగింది. ఉన్నదన్నాను. మంచిగైంది అన్నది. వేదిక వైపు చూసి, "ఈయన గాడికి పోయిండా మరి?" అని అడిగింది.

"పోలే అవ్వా."

"మరి పోయిన అని ఎందుకు చెప్పిండు?"

"నేనే రాసిచ్చిన."

"గట్లయితె ఈ అబద్ధం నీది" అన్నది అవ్వ. కోపంగా అనలేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పి, కొంగు సర్దుకుని, పిల్లల డాన్సు చూడసాగింది.

కార్యక్రమం అయ్యాక పెద్దమనుషులకు ఆఫీసులో టీ, మిక్చరు ఏర్పాటు చేశారు. నేను ప్లేట్లు అందిస్తున్నాను. క్లబ్బు అధ్యక్షుడి భార్య మేడం పక్కన కూర్చుని, అంత దూరం ప్రయాణం కష్టం కాలేదా అని అడిగింది. మేడం టీ కప్పు కింద పెట్టింది.

"గాడికి పోలే. మహాబలేశ్వర్ల ఉన్నం. మంచిగుండె. సలి బాగ."

సార్ పక్కనే ఉన్నాడు. గదిలో అందరికీ వినబడింది. ఇప్పుడు ఏదో కూలుతుందని ఎదురుచూశాను. ఏమీ కూలలేదు. అధ్యక్షుడి భార్య, అక్కడ స్ట్రాబెర్రీలు బాగుంటాయంటారు కదా అన్నది. బాగుంటాయని మేడం చెప్పింది. అధ్యక్షుడు ఇంకొంచెం మిక్చరు వేయమన్నాడు. శాలువా ఎవరూ వెనక్కి అడగలేదు. మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది, కరీబియన్ దీవుల్లో పర్యటించి వచ్చిన విద్యావేత్త అని. ఆ ఫోటో ఆఫీసులో ఫ్రేము కట్టించారు. తన భార్య అలా అందరి ముందూ చెప్పినందుకు ఆయన ఏమన్నాడో నాకు తెలీదు. మేడం మాత్రం ఆ తర్వాత కూడా అదే మనిషి, అడిగితే ఉన్నది చెప్పేది, ఎవరూ అడిగేవాళ్ళు కారు.

ఆ బడిలో నేను ఇంకా మూడేళ్ళు పనిచేశాను. వెంటనే రాజీనామా చేశానని రాస్తే చదవడానికి బాగుంటుంది. చేయలేదు. డీఎస్సీలో ఉద్యోగం వచ్చి, మోస్రా వైపు సర్కారు బడికి పోయేదాకా ఉన్నాను. మరో రెండు వార్షికోత్సవాలకు ప్రసంగాలు కూడా రాసిచ్చాను.

రాలేకపోయానని తెలియజేయమని సార్ చెప్పినప్పుడు దీవిలోని ఆ పెద్దావిడకు సారుకు ఆరోగ్యం బాగాలేదని రాశాను. దానికి ఆమె నుంచి జవాబు వచ్చింది. ఆయన త్వరగా కోలుకోవాలని చర్చిలో ప్రార్థన చేయించిందట. చెరుకు ఊరి గురించి వాక్యం రాసింది మీరే అనిపించింది, మీ ఇంట్లో ఎవరైనా చెరుకు కొట్టేవాళ్ళా, వీలైతే రాయండి అని అడిగింది.

జవాబు రాయడానికి చాలాసార్లు కూర్చున్నాను. అవ్వ గురించి రెండు పేజీలు సునాయాసంగా వచ్చేవి. ఆ తర్వాత ఆమె ముత్తవ్వను నేనేం చేశానో రాయాలి. ఒక అబద్ధాలకోరు శాలువా కోసం ఆమె చేతుల గీతల్ని అరువిచ్చానని రాయాలి. అది రాయకుండా మొదటి రెండు పేజీలు పంపితే నేనూ ఆయనలాంటి వాడినే. రాసి పంపితే ఆమె ఏమనుకుంటుందోనని భయం. ఇంకో నిజం కూడా రాయాల్సి వచ్చేది. ఆ రోజు పందిరి కింద చప్పట్లు మోగినప్పుడు, అవ్వ నా చెయ్యి లాగకముందు, ఒక్క క్షణం నా ఛాతీ పొంగింది. బాగా రాశానని.

ఉత్తరం పంపలేదు.